పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ మార్చాలి, ఇంట్లోనే ఎవరైనా చేసుకున్నారా?

పలాస బాబు: మాది 2012లో కొన్న లాప్‌టాప్. ఆన్ చేశాక టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా విండోస్ 10 ఇంకా తిరుగుతూనే ఉంటోంది. నాలుగు రోజులుగా లోపల టిక్ టిక్‌మని చప్పుడు. 2018 తిత్లీ తుపానుకి మా జీడితోట పడిపోయినప్పటి ఫోటోలు, పాప బారసాల వీడియో అందులోనే ఉన్నాయి. హార్డ్ డిస్క్ బదులు వేసే ఎస్‌ఎస్‌డీ ఏది కొనాలి? విండోస్ మళ్లీ కొనాలా? శ్రీకాకుళంలో ఎవరు చేస్తారు?

గంటస్తంభం గిరి: టిక్ టిక్‌మంటుంటే ఇంకా ఆన్ చేస్తున్నారేటండీ! ముందు ఆపేయండి. సిరిమాను పండగ అయ్యాక కాపీ చేద్దాంలే అనుకున్నాను నేను. పండగ అయ్యేసరికి డిస్కూ అయిపోయింది. విశాఖలో రికవరీకి చెప్పిన రేటు విని మా ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఏడురోడ్ల టెక్కీ: పదకొండేళ్లుగా ఇదే పని నాది. 2012 అంటే డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే దారి సాటా 2, సెకనుకి 3 గిగాబిట్లే. దానికి ఎస్‌ఎస్‌డీ డబ్బు దండగ. కొత్త లాప్‌టాప్ కొనుక్కోండి.

నాగావళి: మీరు ఎప్పుడైనా బిగించి చూశారా సార్? 2012లో వచ్చినవాటిలో చాలావాటికి సాటా 3 ఉంది. మాది 2010ది, నిజంగానే సాటా 2. కాపీ స్పీడు సెకనుకి 260 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఒప్పుకుంటాను. పాత డిస్క్ వంద దాటడానికే ఆయాసపడేది. అయినా తేడా అక్కడ లేదు. పాతదాంట్లో పళ్లెం తిరగాలి, ముల్లు వెళ్లి చోటు వెతుక్కోవాలి. విండోస్ లేచేటప్పుడు చదివేవన్నీ చిన్న చిన్న ఫైళ్లు, వేలల్లో. ఆ వెతుకులాటే ఎస్‌ఎస్‌డీలో ఉండదు.

ఏడురోడ్ల టెక్కీ: పాఠాలు నాకొద్దు. రోజుకి నాలుగు మెషీన్లు విప్పుతాను నేను.

నాగావళి: విప్పడం చూశాం లెండి. మా తమ్ముడి లాప్‌టాప్ ఒక షాపులో విప్పారు, రెండు స్క్రూలు మిగిలాయి.

ఏడురోడ్ల టెక్కీ: ఆ షాపు నాదని అన్నానా? మర్యాదగా మాట్లాడండి.

రాజాం మాస్టారు: ఉండండయ్యా. మందం సంగతి ఒక్కరూ చెప్పలేదు. పాత డిస్కులు కొన్ని 9.5 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్‌డీ 7. నాది లోపల లొడలొడలాడింది. పెళ్లి శుభలేఖ ముక్క మడిచి కింద దోపాను, మూడేళ్లయింది, కదల్లేదు. శుభలేఖ మా మేనల్లుడిది. అట్ట మంచిది వేయించాడు.

బొబ్బిలి వీణ: విండోస్ మళ్లీ కొనక్కర్లేదు, డిజిటల్ లైసెన్స్ అయితే మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. కానీ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అంత పాతదానికి 11 అధికారికంగా ఎక్కదు. విండోస్ బదులు లినక్స్ మింట్ వేసేయండి, హాయి.

సాలూరు డీటీపీ: ఏం హాయి? మేం కార్డులు కూర్చే పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లు మింట్‌లో మీరొచ్చి నడిపిస్తారా? మాకు శుభలేఖల సీజన్.

బొబ్బిలి వీణ: ఆయనకి జీడితోట ఉంది, డీటీపీ షాపు లేదు.

సాలూరు డీటీపీ: రేపు పాప పెళ్లికి కార్డు వేయించరా?

రాజాం మాస్టారు: వేయిస్తే అట్ట మందంగా వేయించండి బాబూ.

పలాస బాబు: శ్రీకాకుళంలో ఎవరు చేస్తారో ఎవరూ చెప్పలేదు. సర్లే, నేనే విప్పాను. వెనక మూత తీస్తే డిస్క్‌కి నాలుగు స్క్రూలు. ఉప్పుగాలికి ఒకటి తుప్పుపట్టి తల అరిగిపోయింది, స్క్రూడ్రైవర్ కింద రబ్బరు బ్యాండ్ పెట్టి నొక్కి తిప్పితే వచ్చింది. పాత డిస్క్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో మా బావ లాప్‌టాప్‌కి పెట్టాను. బారసాల వీడియో వచ్చేసింది. తోట ఫోటోలు 62 శాతం దగ్గర అరగంటగా ఆగున్నాయి. పీకి మళ్లీ పెట్టనా?

గంటస్తంభం గిరి: వద్దు వద్దు, ముట్టుకోకండి! చప్పుడు వస్తోందా?

పలాస బాబు: ఆగి ఆగి వస్తోంది.

గంటస్తంభం గిరి: అయితే ఇంకా చదువుతున్నట్టే ఉంది. అలాగే వదిలేయండి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉందా?

పలాస బాబు: ఉంది. ఫ్యాను ఆపేసి దానికే వదిలేశాను. 63 అయింది.