భీమిలి పాత పటం: గోస్తని ఉత్తరపు ఒడ్డున కదలని గుర్తు దొరకడం లేదు

అందరికీ నమస్కారం. విశాఖ నుంచి రాస్తున్నాను. భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోటు డచ్చివాళ్ల కాలంలో ఎక్కడుండేదో తేల్చాలని చూస్తున్నా. బొర్రా గుహల వైపు పుట్టి తాటిపూడి జలాశయం మీదుగా వచ్చే నది ఇది. 17వ శతాబ్దం నుంచి డచ్చివాళ్ల స్థావరంగా ఉన్న భీమిలి, ఇంగ్లీషువాళ్లకూ డచ్చివాళ్లకూ మధ్య జరిగిన 1824 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ల పరమైంది. నా దగ్గరున్నది అంతకు ముందటి పటం స్కాను.

క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో జియోరెఫరెన్సర్ (పాత పటాన్ని నేటి పటం మీద సరిగ్గా కూర్చోబెట్టే పరికరం) వాడాను. ప్రొజెక్షన్ డబ్ల్యూజీఎస్ 84, యూటీఎం 44 ఉత్తర జోన్. రెండు పటాల్లోనూ గుర్తుపట్టి జోడించిన పాయింట్లలో ముఖ్యమైనవి: డచ్చి శ్మశానం, కోట మూల, పావురాలకొండ శిఖరం. పాలినోమియల్ 1 (పటాన్ని వంచకుండా మొత్తంగా జరిపి, తిప్పి, సాగదీసే పద్ధతి) పెడితే కొండ సరిపోతుంది, నది మాత్రం ఊళ్లోకి వచ్చేస్తుంది. థిన్ ప్లేట్ స్ప్లైన్ (ప్రతి పాయింటూ కచ్చితంగా కలిసేలా పటాన్ని వంచే పద్ధతి) పెడితే ఎర్రర్ సున్నా అంటుంది (నమ్మకండి), పటమేమో తడిసి ఆరిన కాగితంలా ముడతలు పడుతుంది. నా పాయింట్లన్నీ నదికి దక్షిణాన, ఊరి వైపే ఉండటం వల్లే ఇదంతా అని నా అనుమానం.

తీరాన్ని పాయింటుగా తీసుకోలేం, ముఖద్వారం దగ్గర ఇసుక మేట తెగుతూ కట్టుకుంటూ ఉంటుంది. గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ 1984 దగ్గరే మొదలవుతుంది, అదీ పనికి రాలేదు.

గోస్తనికి ఉత్తరపు ఒడ్డున, అప్పటి నుంచీ కదలకుండా ఉన్న పాత గుడిగానీ, రాతి గుట్టగానీ, చెరువు గట్టుగానీ ఏదైనా మీకు తెలుసా?