‘లామెంట్’కి తెలుగు: శోకగీతమా, విలాపమా?

ప్రశ్న: స్కాట్లాండ్ ఫిడేలు విద్వాంసుడు నీల్ గౌ కట్టిన బాణీ ఒకదాని పేరు కచేరీ కరపత్రంలో తెలుగులో వేయాలి. ‘నీల్ గౌస్ లామెంట్ ఫర్ ద డెత్ ఆఫ్ హిజ్ సెకండ్ వైఫ్’. ‘నీల్ గౌ రెండో భార్య మృతిపై శోకగీతం’ అని రాశాను. కింద ‘స్లో ఎయిర్’ అని ఉంది, దానికి ‘మందమారుతం’ అనొచ్చా?

జవాబు: మారుతం వద్దండి. ఈ ‘ఎయిర్’ గాలి కాదు, బాణీ. ఇటాలియన్ ‘ఆరియా’కి చుట్టం. మనకి ‘వర్ణమెట్టు’ అనే చక్కని మాట ఉండగా వెతుక్కోవడం దేనికి? ‘విలంబ కాలపు మెట్టు’ అనండి. ‘శోకగీతం’ కూడా కుదరదు. గీతమంటే చదివేవారు సాహిత్యం కోసం చూస్తారు, ఇది ఒట్టి ఫిడేలు మీద వాయించేది. ‘విలాపం’ మేలు.

జవాబు: విలాపంలో గుండెలు బాదుకోవడం ఉంది కదా? ఈ బాణీ డి మేజర్‌లో, అంటే మన శంకరాభరణ రాగం స్వరాల మీద, 6/8 నడకలో (ఆవర్తానికి ఆరు చిన్న అక్షరాలు) సాగుతుంది. ముఖారి రాగంలాంటి ఏడుపు ఇందులో లేదు.

జవాబు: అయినా విలాపమే సరైనది. రఘువంశం ఎనిమిదో సర్గలో అజవిలాపం ఉంది: ఇందుమతి పోతే భర్త దుఃఖించడం. ఇక్కడా అంతే. గౌ (1727–1807) పెర్త్‌షైర్‌లో డంకెల్డ్ దగ్గరి ఇన్వర్ వాసి. మార్గరెట్ ఉర్కర్ట్‌ని 1768లో పెళ్లాడాడు, ఆమె 1805లో పోయింది. అప్పటికి ఆయనకి డెబ్బై ఎనిమిదేళ్లు. బాణీ ఆయన పోయాక, 1809లో, గౌ కుటుంబం వేసిన అయిదో సంపుటంలో అచ్చయింది. ముప్పై ఏళ్లకు పైగా కలిసి బతికారని పేరు కిందే రాశారు. అంత నిండు కాపురానికి ‘స్మృతిగీతం’ లాంటి సభామర్యాద మాట అతకదు.

జవాబు: అసలు చిక్కు ‘రెండో భార్య’ దగ్గరుంది. తెలుగులో ఆ మాట వినగానే మొదటామె బతికే ఉందనుకుంటారు. ఇది ఆమె పోయాక చేసుకున్న మారుమనువు. పేరులో ‘భార్య’ చాలు, ‘మారుమనువు’ సంగతి కింది వాక్యంలో చెప్పండి.

జవాబు: వాయించేవారికో మాట. మన స-ప-స-ప శ్రుతిలో కాదు, తీగలు జి-డి-ఎ-ఇ ఉండాలి. డిని షడ్జం చేసుకుంటే అవి మ-స-ప-రి అవుతాయి. 6/8ని ఆరు దెబ్బలుగా లెక్కపెడితే బాణీ ముక్కలైపోతుంది. మూడేసి అక్షరాల రెండు ఊపులుగా, తిస్రంలా పట్టండి. ‘స్లో’ అన్నారు కదా అని మరీ సాగదీస్తే పదబంధం పూర్తికాకముందే కమాను (ఫిడేలు వాయించే విల్లు) చివరికొచ్చేస్తుంది. గమకాలు తగ్గించండి. గాంధారాన్ని ఊపారంటే అది శంకరాభరణం ఆలాపన అవుతుంది, గౌ బాణీ మిగలదు.

ప్రశ్న అడిగినవారు: ఇలా వేస్తున్నాను: ‘భార్య మృతికి నీల్ గౌ విలాపం. విలంబ కాలపు మెట్టు, ఫిడేలు.’ కింద చిన్న అక్షరాల్లో: ‘మారుమనువాడిన మార్గరెట్ 1805లో మరణించినప్పుడు కట్టినది.’