కోన్జా ప్రెయరీలో తీసిన ఈ పువ్వు ఏంటి? యాప్‌ది ఒక మాట, మా రూమ్మేట్‌ది ఇంకో మాట

గడ్డిలో_గణేశుడు: జూన్‌లో మాన్‌హట్టన్ (కాన్సస్‌ది, న్యూయార్క్‌ది కాదు) పక్కన కోన్జా ప్రెయరీ (గడ్డి మైదానం) ట్రైల్‌లో తీసిన ఫోటోలివి. మధ్యలో ముళ్ళముళ్ళుగా గోధుమరంగు బొడిపె, చుట్టూ లేత గులాబీ రేకులు కిందికి వాలి ఉన్నాయి. యాప్ ఎకినేషియా (కోన్‌ఫ్లవర్)లో పర్పురియా రకం అంటోంది, రూమ్మేట్ అందులోనే పల్లిడా రకం అని పందెం కాస్తున్నాడు. ఏది రైటు?

డాలస్_పెరడు: యాప్ కరెక్టే బ్రో, మా ఇంట్లో ఉన్నది అచ్చం ఇదే, నర్సరీలో పర్పురియా అని ట్యాగ్ పెట్టే అమ్మారు

ఆకులక్క: పెరట్లో మొక్క పేరు తెచ్చి దీనికి తగిలిస్తే ఎలా తమ్ముడూ. రెండో ఫోటోలో ఆకు చూడు, సన్నగా పొడుగ్గా ఉంది, అంచుకి పళ్ళు లేవు, ఈనెలు నిలువునా సాగాయి. పర్పురియా ఆకు వెడల్పుగా ఉండి అంచు రంపంలా ఉంటుంది. ఇది ఎకినేషియాలోనే ఇంకో రకం, అంగుస్టిఫోలియా.

పందెం_రూమ్మేట్: పల్లిడా ఆకు కూడా సన్నమే కదక్కా, పైగా రేకులు అంతలా వేలాడుతుంటే పల్లిడా కాక ఇంకేంటి?

ఆకులక్క: వేలాడటం రెండూ చేస్తాయి, అందరూ అక్కడే పడతారు. పొడవు చూడాలి. పల్లిడా రేకు 4 నుంచి 9 సెంటీమీటర్లు, అంగుస్టిఫోలియాది 4 దాటడం అరుదు. ఇక్కడ రేకు బొడిపె అంత కూడా లేదు, పుప్పొడి చూస్తే పసుపు, పల్లిడాది మామూలుగా తెలుపు.

పందెం_రూమ్మేట్: సాయంత్రం ఎండలో తెల్ల చొక్కా కూడా పసుపే కనిపిస్తుంది. ఫోటోలో రంగు నేనొప్పుకోను

నాటువైద్యం99: ఇంత గొడవెందుకు, వేరు తవ్వి నమిలితే సరి, నాలుక తిమ్మిరెక్కితే అంగుస్టిఫోలియా. అక్కడి ఆదివాసులు లకోటా వాళ్ళు పంటి నొప్పికి వాడేవాళ్ళు కూడా

ఆకులక్క: వాడేవాళ్ళు, నిజమే, అలాగని కోన్జా లాంటి రీసెర్చ్ స్టేషన్‌లో మొక్క పీకుతారా అండీ? కోన్జా ఉన్న ఫ్లింట్ హిల్స్ కొండల్లో సున్నపురాయీ చెకుముకిరాయీ నాగలిని దిగనివ్వలేదు కాబట్టి ఆ గడ్డి మిగిలింది, లేకపోతే అదీ జొన్నచేనే. మందుల కోసం ఈ వేర్లు కాన్సస్‌లో వందేళ్ళకి పైగా తవ్వుతూనే ఉన్నారు. గణేశా, కాండం మీద నూగు ఎలా ఉందో చెప్పు, అట్రోరూబెన్స్ అనే ఇంకో ఎకినేషియా కూడా ఆ రాష్ట్రంలో ఉంది, దానికి నూగు ఉన్నా కాండానికి అంటుకునే ఉంటుంది.

గడ్డిలో_గణేశుడు: నిలబడే ఉందక్కా, గరుకు గరుకుగా, జూమ్ చేసి మూడో ఫోటో పెట్టా

పందెం_రూమ్మేట్: పందెం ఇంకా అవ్వలేదు, కాన్సస్‌లోనే లారెన్స్ ఊరి వైపు పల్లిడా దొరుకుతుంది, మిట్టమధ్యాహ్నం స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పెడతా, పక్కపక్కన చూద్దాం