ఇంటి మీదకి వాలిన పెద్ద చెట్టు క్రేన్‌తో తీయించాలి, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

మా ఇంటి వెనక చెట్టు ఒకటి పైకప్పు మీదకి వాలిపోయింది, మొదలు దగ్గర కొడితే డొల్ల శబ్దం వస్తోంది, ఒక పక్క పుట్టగొడుగులు కూడా లేచాయి. అందుకే మనిషిని పైకెక్కించి కొట్టించడం నాకస్సలు ఇష్టం లేదు, క్రేన్‌తో ముక్కలు ముక్కలుగా పట్టి ఇంటి మీదుగా దింపించాలని చూస్తున్నాం.

నా భయమంతా బరువు గురించే. పచ్చి కలప క్యూబిక్ మీటరుకి దాదాపు 1000 కిలోలు అనుకున్నా, మీటరు మందం మాను 3 మీటర్ల ముక్కే 2.3 టన్నులు దాటుతుంది. క్రేన్ ఆయనేమో మనది 25 టన్నులు ఎత్తే క్రేన్, ఏం కాదులే అంటున్నాడు, కానీ ఆ 25 టన్నులు బూమ్ (క్రేన్ చెయ్యి) బాగా దగ్గరగా ఉన్నప్పుడే కదా, మాకు 18 మీటర్లు చాపాలి, అంత దూరంలో ఎంత ఎత్తుతుందో లోడ్ చార్ట్ చూపించమంటే మాట దాటేస్తున్నాడు. ఇలాంటాయన్ని నమ్మొచ్చా?

ఇంకోటి, ముక్క తెగగానే ఊగి బెల్టు మీద ఒక్కసారి జర్క్ పడకుండా బెల్టు ఎక్కడ కట్టాలి, ఒకటి చాలా, రెండు కావాలా? కొయ్యకముందు క్రేన్ ఎంత బిగించి పట్టుకోవాలి, ఎక్కువ లాగితే కలప చీలిపోతుందంటున్నారు నిజమేనా?

క్రేన్ నిలబెట్టే చోట నేల మెత్తన, పక్కనే సెప్టిక్ ట్యాంకు. అవుట్‌రిగ్గర్ల (క్రేన్ ఒరగకుండా పక్కలకి చాపి నేలకి ఆనించే కాళ్ళు) కింద చెక్క దిమ్మలు సరిపోతాయా, ఇనుప ప్లేట్లు వేయించాలా? కరెంటు తీగలు మాత్రం సప్లై ఆపించాకే పని మొదలని గట్టిగా చెప్పేశాను. ఇలా చేయించినవాళ్ళు, క్రేన్ ఆపరేటర్లు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్, వానలు మొదలయ్యేలోపు తీయించేయాలి.