తమ్ముడు హోటల్ మేనేజ్‌మెంట్ అంటున్నాడు, పంపొచ్చా?

మాది నరసన్నపేట దగ్గర. తమ్ముడి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఇంజనీరింగ్ వద్దు హోటల్ మేనేజ్‌మెంటే అని కూర్చున్నాడు. నాన్నేమో ప్లేట్లు కడగడానికి డబ్బు కట్టి చదవాలేటి అని వాడితో మాటే మానేశారు. ఒక డిప్లొమా కాలేజీ వాళ్ళు షిప్‌లో జాబ్ గ్యారంటీ అంటున్నారు, నమ్మొచ్చా?

రిప్లై 1:
నాది విజయనగరం, 8 ఏళ్ళుగా వైజాగ్‌లో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీస్ (రిసెప్షన్)లో చేస్తున్నాను. ముందు ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ (హోటల్ మేనేజ్‌మెంట్ ఎంట్రన్స్) రాయించండి, ఏ గ్రూపైనా పర్లేదు, ఇంటర్‌లో ఇంగ్లీష్ పాసవ్వాలి, హైదరాబాద్ విద్యానగర్‌లో ఐహెచ్ఎం (హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ) ఉంది, మూడేళ్ళ బీఎస్సీ. కిచెన్, సర్వీస్, హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్ నాలుగూ చేయిస్తారు. నా ట్రైనింగ్‌లో బెడ్‌షీట్ మూల మడత సరిగ్గా రాలేదని సూపర్‌వైజర్ మొత్తం లాగేసి మళ్ళీ వెయ్యమన్నాడు, ఒకే మంచం నాలుగుసార్లు వేశాను 😂 పండక్కి సెలవు మాత్రం అడక్కండి, సంక్రాంతికి ఇల్లు చూసి ఎన్నాళ్ళయిందో.

రిప్లై 2:
గ్యారంటీ అన్నారంటే అక్కడే ఆగండి బాబూ. నేనలాగే ఒక ఏజెంట్‌కి లక్షన్నర కట్టీసి ఏడాది తిరిగాను, షిప్పూ లేదు డబ్బులూ లేవు. షిప్‌కెళ్ళాలంటే ఎస్‌టీసీడబ్ల్యూ అనే సేఫ్టీ కోర్సు, సీడీసీ (షిప్‌లో పనిచేసేవాళ్ళకిచ్చే గుర్తింపు పుస్తకం) ఉండాలి. ఏజెంట్‌కి ఆర్‌పీఎస్ఎల్ (షిప్ ఉద్యోగాల్లో పెట్టడానికిచ్చే) లైసెన్స్ ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ డీజీ షిప్పింగ్ సైట్లో చూడండి, లైసెన్సున్నోళ్ళు ఉద్యోగం వేయించడానికి మన దగ్గర డబ్బు తీసుకోకూడదు.

అడిగినవారు:
థాంక్సండీ, ఈ లక్షన్నర సంగతి మాత్రం నాన్నకి చూపించను, అసలుకే మోసం వస్తాది.