తొమ్మిదేళ్ళ పాప, 114 సెంటీమీటర్లు. ఆగాలా, చూపించాలా?

ఖమ్మం కోడలు:
మా పాపకి మొన్న తొమ్మిది నిండాయి, ఎత్తు 114. ప్రతి పుట్టినరోజుకి తలుపు చట్రం మీద పెన్సిల్ గీత గీస్తాం, పోయినేడు గీతకీ ఈ గీతకీ మధ్య నా రెండు వేళ్ళు పట్టేంత జాగా, కొలిస్తే 3 సెంటీమీటర్లే. ఏడేళ్ళ తమ్ముడు దాటేశాడు. రెండో తరగతిలో కుట్టించిన స్కర్ట్ ఇంకా సరిపోతోంది. అత్తయ్యేమో "నీ పోలికేలే, పెద్దమనిషయ్యాక జానెడు పెరుగుతుంది" అంటారు. మావారు 168, నేను 152. తిండి బాగానే తింటుంది. నాదే అనవసరపు టెన్షనా?

గోదారి గట్టు:
పాలల్లో కలిపే పౌడర్ ఏదైనా వాడండి, రాడ్డు పట్టుకుని వేలాడమనండి. మా మేనకోడలు అలాగే పెరిగింది.

పదో తరగతి నాన్న:
అయ్యా, ఈ సలహాలతోనే మేం ఆరేళ్ళు పోగొట్టుకున్నాం. మావాడు నెలలు నిండి పుట్టినా 1.9 కిలోలే, బడిలో ప్రార్థనకి ఎప్పుడూ ముందు వరసే, అయినా "మగపిల్లాడు, లేటుగా పెరుగుతాడు" అని ఊరుకున్నాం. పదిహేనో ఏట ఎడమచేతి ఎక్స్‌రే తీశాక డాక్టరు గారు ఎముకల చివర్లలో పెరిగే చోట్లు దాదాపు మూసుకుపోయాయి, ఇక ఎత్తు పెరిగే ఇంజెక్షన్లు ఇచ్చినా ఫలితం ఉండదన్నారు. బయటికొచ్చాక వాడు నాతో మాట్లాడలేదు. చూపించండమ్మా.

వార్డు సిస్టర్:
మీ టెన్షన్‌లో అర్థముంది అక్కా. ఈ వయసులో ఏడాదికి 5 సెంటీమీటర్లన్నా పెరగాలి, 4 కంటే తగ్గితే చూపించాల్సిందే. పోలిక సంగతీ లెక్కేద్దాం: 168, 152 కలిపి ఆడపిల్ల కాబట్టి 13 తీసేసి సగం చేస్తే 153 పైచిలుకు. అంత ఎదగాల్సిన పిల్ల తొమ్మిదేళ్ళకి 114 దగ్గర ఉండకూడదు. ఇక జానెడు మాట, పెద్దమనిషయ్యాక మామూలుగా పెరిగేది 5 నుంచి 7 సెంటీమీటర్లే, అసలు పెరుగుదలంతా దానికి ముందే అయిపోతుంది.

పిల్లల ఎండోక్రైన్ డాక్టరుకి, అంటే హార్మోన్ల డాక్టరుకి చూపించండి. థైరాయిడ్, కిడ్నీ, గోధుమ పడకపోవడం, ఇవన్నీ రక్తపరీక్షల్లో చూస్తారు. థైరాయిడ్ అయితే పరగడుపున వేసే చిన్న మాత్ర. ఆడపిల్ల కాబట్టి క్రోమోజోముల పరీక్ష కూడా రాస్తారు, టర్నర్ సిండ్రోమ్ (ఆడపిల్లల్లో ఒక X క్రోమోజోము లోపించడం) ఉన్న కొందరిలో పైకి పొట్టిదనం తప్ప ఏమీ కనపడదు. గ్రోత్ హార్మోన్ తక్కువని తేలితే రోజూ రాత్రి చిన్న సూది, ఏళ్ళ తరబడి, ఖరీదు కూడా ఎక్కువే, అది దాచను. తలుపు మీది గీతలు ఫోటో తీసి తేదీలతో పట్టుకెళ్ళండి, డాక్టరుకి అన్నిటికంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

ఖమ్మం కోడలు:
సోమవారానికి అపాయింట్‌మెంట్ దొరికింది. అత్తయ్య కూడా వస్తానన్నారు! పాప మాత్రం "సూది వేస్తారా" అని పొద్దుట్నుంచీ ఒకటే గొడవ.

వార్డు సిస్టర్:
రక్తం తీస్తారు, అది ముందే చెప్పేయండి. లేదని తీసుకొస్తే మా చేత వార్డంతా పరుగులు పెట్టిస్తారు.