కాలువలో ఈదింది నీటికుక్కా, పందికొక్కా?

హాలియా రైతు:
మా మడి సాగర్ ఎడమ కాలువ కింద, నిడమనూరు వైపు. నిన్న పొద్దున ఐదున్నరకు నీళ్లు చూడ్డానికి పోయాను. పిల్లకాలువలో ఏదో అడ్డంగా ఈదుకుంటూ వస్తోంది. తల ఒక్కటే పైకి ఉంది, వెనక నీళ్లు రెండుగా చీలుతున్నాయి. ఒడ్డెక్కి, నన్ను చూసి గెట్టులోని బొక్కలో దూరింది. నల్లటి మొరటు వెంట్రుకలు, పిల్లికూనంత ఉంటుంది. మా బావమరిది ఫోన్‌లో బొమ్మలు చూసి బీవర్ అంటున్నాడు. పక్కమడి పెద్దాయన నీటికుక్క అంటున్నాడు. నాకు ఇంకో టెన్షన్ కూడా ఉంది. రాత్రి నిండా పెట్టిన మడి పొద్దుటికి సగం దిగిపోతోంది.

కృష్ణ ఒడ్డు:
బీవర్లు మన దేశంలో లేవన్నా. అవి యూరప్, ఉత్తర అమెరికాల్లో నీళ్లలో తిరిగే పెద్ద ఎలుక జాతివి, ఇరవై కిలోలు తూగుతాయి. నీటికుక్కలను నేను కృష్ణలో చూశాను. మందగా వస్తాయి, ఈలలేసినట్టు అరుస్తాయి. అసలు నీటికుక్క ఎలుక జాతే కాదు, చేపలు తినేది. అది దొడ్డికి పోయిన చోట చేప పొలుసులు, ముళ్లు కనిపిస్తాయి. నీటికుక్కే అయితే మందు గిందు పెట్టకండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఇంతకీ తోక ఎట్లుంది?

హాలియా రైతు:
సన్నగా, వెంట్రుకల్లేనట్టే ఉంది. ఒంటికంటే కొంచెం పొట్టి. పొలుసులేం కనపడలేదు, గెట్టు పక్కన వరి దుబ్బులు మాత్రం కత్తితో ఏటవాలుగా కోసినట్టున్నాయి.

బడిపంతులు, దేవరకొండ:
ఇంకేం, పందికొక్కే. అందులోనూ చిన్న రకం. పెద్ద రకమైతే కిలో దాకా తూగుతుంది. రెండూ బాగా ఈదుతాయి. లోపల ఉంటే బొక్క మూతికి గుల్లమట్టి నెట్టి మూసుకుంటుంది. సాయంత్రం బొక్కలన్నీ మూసెయ్యి తమ్మీ, పొద్దుటికి ఏది తెరుచుకుంటే అందులో ఉన్నట్టు. చెయ్యి మాత్రం పెట్టకు, రోమాలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది, కరుస్తుంది. ఇంగ్లీషు వాళ్ల బాండికూట్ మన పందికొక్కు మాటే. ఆస్ట్రేలియాలో సంబంధం లేని ఇంకో జంతువుకూ అదే పేరు తగిలించారు. మాటే అంత దూరం ఈదితే నీ పిల్లకాలువ ఎంత!

హాలియా రైతు:
మూసి చూశాను సార్. పొద్దుటికి రెండు తెరుచుకున్నాయి. ఒకటి తవ్వితే గెట్టు కింద నుంచి అవతలికి దారి ఉంది, నా నీళ్లన్నీ పెద్దాయన మడిలోకే పోతున్నాయి. మూడు రోజుల నుంచి ఆయన మోటరు ఎందుకు వెయ్యలేదో ఇప్పుడు తెలిసింది.